థర్మోస్టాట్ పీకేయాలా, కొత్తది వేయాలా?

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపే వాల్వు. ఎండాకాలం ఇంజిన్ కాగిపోతే "థర్మోస్టాట్ పీకేద్దాం, మన ఎండలకు అదెందుకు" అనే మాట షెడ్డుల్లో తరచూ వినిపిస్తుంది. ఖర్చుండదు, నిజమే. కానీ అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో తేమ మిగిలి మడ్డి కడుతుంది. అడుగున బైపాస్ వాల్వు (రేడియేటర్‌ను తప్పించే దారిని మూసేది) ఉన్న రకమైతే మరీ ప్రమాదం: ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, కూలెంట్ కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరుగుతుంది, ఇంజిన్ ఇంకా కాగుతుంది.

మార్చడమే మేలు. ముందు పాతదాన్ని నీళ్ల గిన్నెలో, అడుగు తగలకుండా వేలాడదీసి కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర (చాలా కార్లకు 82 లేదా 88) తెరుచుకోవడం మొదలవ్వకపోతే పోయినట్టే. చక్కగా తెరుచుకుంటే తప్పు ఫ్యానులోనో, వాటర్ పంపులోనో, రేడియేటర్‌లోనో వెతకాలి.

చల్లారిన ఇంజిన్ మీదే పని. స్ప్రింగు ఇంజిన్ వైపు, చిన్న గాలి రంధ్రం పైకి. పాత గ్యాస్కెట్ (లీకు ఆపే సీలు) గీకేసి కొత్తది వేయండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడపండి. లోపల గాలి మిగిలితే కొత్తది కూడా ఆలస్యంగానే తెరుచుకుంటుంది.