‘కిల్లింగ్ జోక్’ మొదటి ముద్రణ అని చెప్పి రంగులు మార్చిన పుస్తకం అంటగడుతున్నాడు, జాగ్రత్త

పాత అమెరికన్ కామిక్స్ అమ్మే ఆ పెద్దమనిషి ఎవరో ఇక్కడ సగం మందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. బ్యాట్‌మన్ కథ ‘ద కిల్లింగ్ జోక్’ 1988 మొదటి ముద్రణ తన దగ్గర ఉందని అతను పెట్టిన ప్రకటన చూసి డబ్బు పంపబోతున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి ఆగండి. నేను 6,500 రూపాయలు పంపాను. నాకు వచ్చినది 2008లో రంగులన్నీ మార్చి తీసుకొచ్చిన గట్టి అట్ట పుస్తకం. ఆ కూర్పు కొత్తదే ఇందులో చిన్న వంతు ధరకు దొరుకుతుంది.

ప్రకటనలోని ఫొటోలో అట్ట మీది పేరు ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. మొదటి ముద్రణకు గుర్తు అదేనని, తర్వాతి ముద్రణల్లో ఆ అక్షరాల రంగు మారుతూ పోయిందని ఈ సరుకు కొనేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పైగా “నా సొంత కలెక్షన్‌లోది, అసలు కాపీ” అని రాతపూర్వకంగా హామీ కూడా ఇచ్చాడు. అంత గట్టి హామీ దొరికాక ఇక ఆలోచించడం ఎందుకని వెంటనే యూపీఐలో డబ్బు కొట్టిన నా తెలివితేటలకు ఎవరైనా శాలువా కప్పాలి. పార్సిల్ చేతికి తీసుకోగానే బరువును బట్టే సంగతి అర్థమైంది, ఎందుకంటే 1988 నాటిది యాభై పేజీలైనా లేని, మెత్తటి అట్ట ఉన్న పలచటి పుస్తకం.

అట్ట గట్టిదా మెత్తదా అన్నదే గొడవైతే నేనింత రాసేవాణ్ణి కాదు. అలన్ మూర్ రాసిన ఆ కథకు బొమ్మలు బ్రయన్ బోలండ్ వేస్తే, రంగులు జాన్ హిగ్గిన్స్ అద్దారు. మూర్‌దే ఇంకో పేరున్న కామిక్ ‘వాచ్‌మెన్‌’కు రంగులు అద్దినదీ ఆయనే. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో మొదటిసారి ఈ కథ చదివిన నాలాంటివాళ్లకు బ్యాట్‌మన్ శత్రువు జోకర్ అంటే ఆ హిగ్గిన్స్ రంగులే. మూతపడిన ఎగ్జిబిషన్ మైదానం మీద పడే ఆ ఊదా, నారింజ, పసుపు, గులాబీ వెలుగులు కంటికి హాయిగా ఉండవు. హాయిగా ఉండకూడదు కూడా, ఎందుకంటే అక్కడ పోలీసు కమిషనర్ గోర్డన్‌కు పిచ్చెక్కించడానికి జోకర్ ప్రయత్నిస్తున్నాడు, ఆ పిచ్చి పేజీ మీదనే కనిపించాలి. ఇరవయ్యేళ్ల తర్వాత 2008 కూర్పు కోసం బోలండ్ స్వయంగా కూర్చొని, తాను మొదట ఊహించుకున్నట్టుగా, అంతా చల్లగా, మసకగా రంగులు మార్చారు. జోకర్ గతాన్ని చెప్పే భాగాలను దాదాపు నలుపు తెలుపుల్లోకి తెచ్చి, ఒకటి రెండు వస్తువులకు మాత్రమే ఎరుపు ఉంచారు. బ్యాట్‌మన్ ఛాతీ మీద గబ్బిలం గుర్తు చుట్టూ ఉండే పసుపుపచ్చ వలయాన్ని తీసేశారు. ఆ వలయం 1964లో జూలియస్ ష్వార్ట్జ్ సంపాదకత్వంలో బ్యాట్‌మన్ కథల పత్రిక ‘డిటెక్టివ్ కామిక్స్’ 327వ సంచికతో వచ్చింది, 1988లో పుస్తకం అచ్చయ్యేనాటికి బ్యాట్‌మన్ దానితోనే తిరుగుతున్నాడు. అంటే ఇప్పుడు నా బల్ల మీద ఉన్న పుస్తకంలోని బ్యాట్‌మన్ 1988లో ఎవరూ అచ్చులో చూడని బ్యాట్‌మన్.

ఇక ఫోను సంగతి. మర్యాదగానే మాట్లాడాను. “బాబూ, ఫొటోలో ఉన్నది వేరు, పంపినది వేరు, పొరపాటున మారి ఉంటే మార్చి పంపండి, లేదంటే డబ్బు వెనక్కి ఇవ్వండి” అన్నాను. అటునుంచి వచ్చిన సమాధానం: “అంకుల్, కథ అదే, బొమ్మలు అవే. కొత్త రంగులు ఇంకా క్లియర్‌గా ఉన్నాయి, మీకే లాభం.” ఫొటో ఆకుపచ్చ అక్షరాలది ఎందుకు పెట్టావని అడిగితే “ఫొటో రిఫరెన్స్ కోసం” అన్నాడు. సొంత కలెక్షన్ అన్నావు కదా అంటే “నా దగ్గర ఉన్నదంతా నా కలెక్షనే” అన్నాడు. అంతవరకూ అది మామూలు వ్యాపార మొండితనమే, ఓర్చుకోవచ్చు. ఆ తర్వాత “బొమ్మలు వేసినాయనే రంగులు మార్చుకుంటే మధ్యలో మీకేంటి అంకుల్ నొప్పి? ఈ వయసులో బొమ్మల పుస్తకం కోసం ఇంత గొడవా?” అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. అంటే స్పీకర్ పెట్టి వినిపిస్తున్నాడన్నమాట. నేను నోరు తెరిచేలోగా కాల్ పోయింది, ఆ వెంటనే నా నంబరు బ్లాక్ అయింది.

ఆ ప్రశ్న నన్ను ఎందుకింత మండించిందంటే, అందులో సగం నిజం ఉంది. నిజమే, మార్చినది బోలండే. తన బొమ్మకు తన మనసులో ఉన్న రంగు వేసుకునే హక్కు ఆయనకు ఉంది, ఆ కొత్త రంగులు బాగున్నాయనే పాఠకులూ బోలెడుమంది ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ హక్కు బోలండ్‌ది, ఈ అమ్మకందారుది కాదు. నెయ్యి డబ్బా చూపించి డాల్డా పోసి, డాల్డా కూడా మనిషి తినేదే కదా అన్నట్టుంది ఇతని వాదన. అదీగాక హిగ్గిన్స్ చేసిన పనికి విలువే లేనట్టు “అవే బొమ్మలు” అని తేల్చేయడం, ఈ పుస్తకాలతో బతికేవాడి నోట రావలసిన మాట కాదు.

“అదే కథ, అదే హీరో, మీకేంటి నొప్పి” అన్న మాట మనకు కొత్తదేమీ కాదు. 1987లో పెళ్లి చేసుకున్న స్పైడర్‌మన్ పీటర్ పార్కర్, మేరీ జేన్‌ల కాపురాన్ని 2007లో మెఫిస్టో అనే దయ్యంతో బేరం పెట్టించి, అసలు జరగనే లేదన్నట్టు చెరిపేసినప్పుడూ ఇదే అన్నారు. ఆ కథ రాసిన స్ట్రాజిన్‌స్కీయే చివరి సంచికల మీద తన పేరు వద్దనుకున్నానని బహిరంగంగా చెప్పుకున్నా, ఆ పెళ్లిని చూస్తూ ఇరవయ్యేళ్లు డబ్బు పెట్టి కొన్న పాఠకుడి బాధ మాత్రం చాదస్తం కింద జమ అయింది. 2011లో, 904 సంచికలు నడిచిన సూపర్‌మన్ కథల పత్రిక ‘యాక్షన్ కామిక్స్‌’ను మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, సూపర్‌మన్ ఎర్ర నిక్కరు తీసేసినప్పుడూ ఇదే మాట. తీరా 2018లో వెయ్యో సంచిక వచ్చేసరికి పాత నంబర్లూ తిరిగి వచ్చాయి, ఎర్ర నిక్కరూ తిరిగి వచ్చింది. ఈ ‘కిల్లింగ్ జోక్‌’లో తూటా తగిలి చక్రాల కుర్చీకి పరిమితమైన కమిషనర్ కూతురు, ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్‌ను 1989లో జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ దంపతులు కంప్యూటర్ ముందు కూర్చుని హీరోలకు సమాచారం అందించే ఒరాకిల్‌గా నిలబెడితే, రెండు దశాబ్దాలు ఆమెను అలాగే ప్రేమించిన పాఠకుల అభిప్రాయం ఎవరూ అడగకుండా 2011లో మళ్లీ బ్యాట్‌గర్ల్‌ను చేశారు. మార్పులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ఆ పసుపు వలయం కూడా ఒకప్పుడు మార్పే, ఒరాకిల్ కూడా మార్పే. మార్చినదాన్ని పాతదాని పక్కనే ఉంచి అమ్మితే ఎవరికీ నష్టం లేదు. పాతదాని స్థానంలో దాన్నే కూర్చోబెట్టి, అడిగినవాణ్ణి ముసలి చాదస్తుడని నవ్వితేనే ఒళ్లు మండుతుంది. ప్రచురణకర్తలు కనీసం ఫలానా ఏడాది రంగులు మార్చామని చెప్పుకుంటారు. మన పెద్దమనిషి ఆ మర్యాద కూడా పాటించలేదు.

అతను ఆ ప్రకటన పెట్టిన యాప్ వాళ్లకు ఫిర్యాదు చేశాను. డబ్బు యాప్ బయట నేరుగా పంపారు కాబట్టి తమకు సంబంధం లేదని రెండు లైన్ల సమాధానం వచ్చింది. బయట పంపమన్నది అతనే, రెండు వందలు తగ్గిస్తానని. ఆ రెండు వందల లాభం నాకు బాగానే ముట్టింది.

మీరు కొనేటట్టయితే అట్ట ఫొటోతో సరిపెట్టుకోకండి. బ్యాట్‌మన్ ఛాతీ స్పష్టంగా కనిపించే లోపలి పేజీ ఒకటి, రంగులు ఎవరు వేశారో రాసి ఉన్న పేజీ ఒకటి, మీ పేరు రాసిన చీటీ పక్కన పెట్టి ఫొటో తీసి పంపమనండి. గబ్బిలం చుట్టూ పసుపు లేకపోయినా, హిగ్గిన్స్ పేరు లేకపోయినా, చివర్లో బోలండ్ రాసిన వెనుకమాట ఉన్నా అది 1988 పుస్తకం కాదు. డబ్బు యాప్‌లోనే కట్టండి.

నిన్న రాత్రి అదే ప్రకటన మళ్లీ పైకి వచ్చింది. అవే ఆకుపచ్చ అక్షరాలు, అదే “సొంత కలెక్షన్”, ధర మాత్రం ఇప్పుడు 7,000.