బస్సు రూటు మారితే ఫోనా, సోమవారం అర్జీనా, డిపోకు కాగితమా: ఏది మేలు?

గోదావరి డెల్టాలో ప్రజాభిప్రాయ సేకరణ కొత్త మాట కాదు. గ్యాస్ వెలికితీతకు పర్యావరణ అనుమతి కావాలంటే షామియానా వేసి, అధికారులు వేదిక మీద కూర్చుని, ఊరివాళ్ల మాట వినాలి. కరెంటు ఛార్జీలు తేల్చే ముందు నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ పెడుతుంది. మన ఊరి బస్సును ఆపడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. పొద్దున్నే స్టాపులో అరగంట నిలబడ్డాక, ఆ బస్సు ఇక రాదని పక్కనున్న ఆటో డ్రైవరు చెబితే తెలుస్తుంది. ఆ కబురు చెప్పడంలో ఆయనకు కాస్త ఉత్సాహం కూడా ఉంటుంది.

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైనా, కోనసీమ జిల్లా కేంద్రమైన అమలాపురానికి రైలు రాలేదు. కాబట్టి ఇక్కడ బస్సు పోతే రెండో దారి ఆటో, కాకపోతే అప్పు చేసి కొన్న బండి.

చట్టంలో విచారణ అసలే లేదని కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 99, 100 సెక్షన్ల ప్రకారం, ఒక రూటునో ప్రాంతాన్నో ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే స్కీము తేవాలంటే ముందు ప్రతిపాదనను గెజిట్‌లోనూ, ఆ ప్రాంతంలో నడిచే కనీసం ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటించాలి. గెజిట్‌లో వచ్చిన 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. రాసినవారి వాదన విన్నాకే ప్రభుత్వం తేల్చాలి. ఏడాదిలోగా ఆమోదించి ప్రకటించకపోతే ప్రతిపాదన రద్దయినట్టే. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఆచరణలో పనికొచ్చేది ఎక్కువగా ప్రైవేటు బస్సుల యజమానులకూ ఆర్టీసీకీ మధ్య తగవుకే. ఏడున్నర ట్రిప్పు ఎత్తేయడం, బస్సు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదుగా పోవడం వంటివి సాధారణంగా డిపోలో టైం టేబుల్ దగ్గరే తేలిపోతాయి. అమెరికాలో కేంద్ర నిధులు తీసుకునే రవాణా సంస్థ ఛార్జీలు పెంచాలన్నా, సర్వీసులను భారీగా తగ్గించాలన్నా ముందు జనం అభిప్రాయం అడిగి పరిశీలించే పద్ధతి ఒకటి పెట్టుకోవాలి. మనకు అలాంటిది లేదు కనుక, ఉన్న మూడు దారుల్లో ఏది ఎందుకు పనికొస్తుందో చూసుకోవాలి.

మొదటిది ఫోను. ‘డయల్ యువర్ డీఎం’ ఫలానా రోజు ఫలానా గంటకు అని పత్రికలో చిన్న వార్త వస్తుంది. డిపో మేనేజరే ఫోను ఎత్తుతారు, కూలి పోగొట్టుకుని ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. స్టాపులో బస్సు ఆపడం లేదు, చివరి బస్సు రోజూ ముప్పావుగంట ఆలస్యం, కండక్టరు దురుసుగా మాట్లాడారు వంటి వాటికి ఇంతకంటే మంచి దారి లేదు. రూటు మార్పుకు మాత్రం ఇది చాలదు. మీరు ఏం చెప్పారో, ఆయన ఏమన్నారో మీ చేతిలో రుజువు ఉండదు. మేనేజరు బదిలీ అయితే మాట కూడా ఆయనతోనే పోతుంది.

రెండోది కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఇక్కడ అర్జీకి నంబరు వస్తుంది. అదే దీని బలం. బలహీనత ఏమిటంటే, అర్జీ తిరిగి తిరిగి చివరికి డిపోకే చేరుతుంది. ‘పరిశీలించడమైనది, ఆదాయం లేనందున సాధ్యం కాదు’ అని ఒక వాక్యం రాసి అక్కడే ముగిస్తే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

డెల్టాకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కానీ బస్సులు వంతెనలు దాటడం మానలేదు. చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు వచ్చే బస్సు నరసాపురం డిపోది అయితే, దాని గురించి అమలాపురంలో అర్జీ పెట్టి లాభం తక్కువ. అది భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి జిల్లా వ్యవహారం. బస్సు మీద రాసి ఉన్న డిపో పేరు చూసుకోకుండా కలెక్టరేట్ మెట్లు ఎక్కేవారు ఎంతమందో.

మూడోది డిపోకు నేరుగా రాతపూర్వక వినతి, దాని నకలు ఒకటి జిల్లా ప్రజా రవాణా అధికారికి. నా ఓటు దీనికే, అయితే ఒక షరతు మీద. ‘మా గ్రామ ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు, కావున దయచేసి’ అన్న కాగితాలు డిపోలో కట్టలు కట్టి ఉంటాయి. అక్కడివారు ఆలోచించే లెక్క వేరు: కిలోమీటరుకు ఎంత వచ్చింది, సీట్లు ఎంత శాతం నిండాయి, డ్రైవరు డ్యూటీ గంటలు సరిపోతాయా, చివర బస్సు తిప్పుకోవడానికి చోటుందా. ఈ చివరిది కాలువ గట్టు ఊళ్లలో చాలా పెద్ద ప్రశ్న. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరిచేను, మధ్యలో ఇరుకు వంతెన ఉన్నచోట పెద్ద బస్సు వెనక్కి తిప్పడం డ్రైవర్లు ఇష్టపడరు. ఆ చోటు మనమే చూపించి, ‘ట్రిప్పును అరగంట వెనక్కి జరిపితే కాలేజీ పిల్లలు ఎక్కుతారు, తిరుగు ప్రయాణంలో సంతకు వెళ్లేవారు ఉంటారు’ అని రాస్తే చదివే తీరు మారుతుంది. అంకెలు కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో ఆ ట్రిప్పు లెక్కలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆడవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సినది ఒకటుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర ప్రభుత్వ స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగులో ప్రయాణం ఉచితం. అయినా సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి. ‘డబ్బు లేదుగా, టికెట్టెందుకమ్మా’ అని ఊరుకుంటే యంత్రంలో ఆ సీటు ఖాళీ. రేపు ఆ ట్రిప్పు ఎత్తేయడానికి ఆ ఖాళీయే సాక్ష్యం అవుతుంది.

ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం సంగతి అందరికీ తెలిసిందే. అన్నిటికంటే త్వరగా బస్సు తెస్తుంది. సీట్లు నిండకపోతే అంతే త్వరగా అది వెనక్కి పోతుంది.

ఫోను, అర్జీ, కాగితం ఏదైనా, ఎవరు మాట్లాడుతున్నారన్నది వేరే విషయం. రాజమహేంద్రవరం–కాకినాడ మధ్య కెనాల్ రోడ్డులో నడిచే బస్సును రాజానగరం, సామర్లకోట మీదుగా ఏడీబీ రోడ్డుకు మార్చారనుకోండి. కడియం, ద్వారపూడి వాళ్లు నష్టపోయి గొడవ చేస్తారు. కాకినాడకు త్వరగా చేరేవాళ్లు నోరు మెదపరు. అధికారికి వినిపించేది ఒక గొంతే. తిరగేస్తే, పగలు పదకొండుకు పెట్టే సమావేశానికి కడియం నర్సరీల్లో రోజుకూలికి పోయే ఆడమనిషికి రావడం కుదరదు. ఆ బస్సు అందరికంటే ఎక్కువ అవసరం ఆమెకే. మనం నలుగురం వెళ్లేటప్పుడు ఆమె ఎక్కే సమయం, దిగే చోటు రాసుకుని వెళ్లడం పెద్ద పని కాదు. వేదిక దగ్గర పదిమందీ ఒకే మాట చెప్పే బదులు ఒకరు సమయం, ఒకరు తిప్పుకునే చోటు, ఒకరు ప్రయాణికుల సంగతి చెబితే అధికారి కలం కదులుతుంది.

ఇప్పుడు వరస. రోజువారీ ఇబ్బందికి ఫోను. రూటుకో ట్రిప్పుకో ముందు డిపోలో కాగితం ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. నెలకూ కదలకపోతే ఆ ముద్ర ఉన్న ప్రతిని జోడించి సోమవారం అర్జీ. ఉత్తి చేతులతో నేరుగా సోమవారం వెళ్లడం కంటే ఇది చాలా మేలు, ఎందుకంటే డిపో అప్పటికే ఏం చేసిందో, ఏం చేయలేదో అడిగే హక్కు వస్తుంది. గెజిట్ ప్రకటన కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి 30 రోజుల్లోగా అభ్యంతరం రాయాలి.

నగర బస్సులకు ఈ వరస కొంచెం మారుతుంది. నగరాల్లో విద్యుత్ బస్సులు నడపడానికి 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం జాబితాలో రాజమహేంద్రవరం, కాకినాడ కూడా ఉన్నాయి. కొత్త బస్సులకు రూట్లు ఖరారయ్యాక మార్చమనడం కంటే ముందే అడగడం తేలిక. ధవళేశ్వరం, మోరంపూడి, లాలాచెరువు వైపు వాళ్లు ఒకే కాగితం రెండు ప్రతులు తీసి, నగరపాలక సంస్థకు ఒకటి, డిపోకు ఒకటి ఇప్పుడే ఇవ్వవచ్చు.