స్విస్ ట్రావెల్ పాస్ కొన్ని చలికాలాలు వాడాక: పొద్దున లేచి కొండను ఎంచుకునే సుఖం

చలికాలంలో స్విట్జర్లాండ్ వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను ముందు అనే మాట ఒకటే: కొండ టికెట్ తారీఖు వేసి కొనకండి. ఏ కొండ ఎక్కాలో ఆ రోజు పొద్దున హోటల్లో కాఫీ తాగుతూ తేల్చుకోండి. రైళ్లు, బోట్లు, ఊళ్లో బస్సులు అన్నీ ఒక్క టికెట్‌తో ఎక్కనిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ మీద నాకున్న మోజంతా దాని వల్లే. ఆ పాస్‌లో ఏమేం వస్తాయి, ఏ క్లాసుకు ఎంత అనేవి వాళ్ల సైట్లో ఉన్నాయి, యూట్యూబ్‌లో మనవాళ్ల వీడియోలూ బోలెడు. వాటన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టను.

ఆఫీసు పని మీద చలికాలంలో జ్యూరిక్ వెళ్లాల్సి వస్తుంటుంది. పని అయ్యాక రెండు మూడు రోజులు సెలవు కలుపుకుని లూసెర్న్‌లో ఉండటం అలవాటైంది. జ్యూరిక్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు. పాత ఊరు, నది మీద చెక్క వంతెన, ఎదురుగా సరస్సు, సరస్సు చుట్టూ కొండలు. ఒక్క ఊళ్లో ఉండి అటు నగరం, ఇటు కొండ రెండూ చూడొచ్చు. చూడొచ్చు అన్నానే గానీ, డిసెంబరు, జనవరుల్లో చాలా రోజులు ఆ కొండలు ఉన్నాయని మనం నమ్మాలి తప్ప కనిపించవు.

కారణం పొగమంచు. జూరా కొండలకూ ఆల్ప్స్‌కూ మధ్యనున్న పల్లంలోనే జ్యూరిక్, బెర్న్ లాంటి పెద్ద ఊళ్లు చాలావరకు ఉన్నాయి. గాలి కదలని చలిరోజుల్లో బరువైన చల్లగాలి ఆ పల్లంలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. పైన వెచ్చటి గాలి ఉంటుంది కాబట్టి అది పైకి లేవలేదు. అందులోని తేమ పొగమంచుగా మారి రోజుల తరబడి ఊళ్ల మీద ఉండిపోతుంది. దాని పైఅంచు చాలాసార్లు ఎనిమిది వందల నుంచి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. ‘బీజ్’ అనే ఈశాన్యపు గాలి వీస్తే ఇంకా పైకి పోతుంది. ఆ అంచు దాటామా, ఎండ. అంటే కింద హోటల్ కిటికీలోంచి చూసి ‘ఈరోజు బయటికెళ్లి దండగ’ అని దుప్పటి కప్పుకునే రోజే కొండ మీద బ్రహ్మాండంగా ఉండొచ్చు. ఈ సంగతి నేను చదివిన ఏ ప్లానింగ్ లిస్టులోనూ లేదు. అన్నిట్లోనూ ‘మొదటి రోజు నగరం, రెండో రోజు శిఖరం’ అని ముందే రాసి పెట్టేస్తారు.

ఇది నాకు సరిగ్గా తెలిసొచ్చింది మా ఆవిడనీ మావాణ్నీ తీసుకెళ్లినప్పుడు. వచ్చిన రోజంతా లూసెర్న్ బూడిద రంగులోనే ఉంది. వంతెన మీద నిలబడితే నీళ్లు కనిపించాయి, అవతల ఒడ్డున ఇళ్లు లీలగా కనిపించాయి, ఆపైన ఏమీ లేదు. 1821లో చెక్కిన ఆ చనిపోతున్న సింహం శిల్పానికి మాత్రం ఎండతో పనిలేదు కాబట్టి అదొక్కటి బాగా చూశాం. రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ, “ఇంత దూరం వచ్చింది ఈ మబ్బు చూడ్డానికా అండీ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదయినా చీకటి పూర్తిగా విడలేదు. కిటికీ బయట నిన్నటి మబ్బే. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఫోన్‌లో రిగి కొండ వెబ్‌క్యామ్ తెరిచాను. ఒక క్షణం అది పాత ఫోటో అనుకున్నాను. నీలాకాశం, మంచు మీద పడిన తెల్లటి ఎండ, మూలన టైం చూస్తే అప్పటిదే. ఫోన్ ఆవిడ ముందు పెట్టాను. “ఇదెక్కడ?” అంది. “ఇక్కడే, మన నెత్తి మీద.”

పాస్ గొప్పతనం ఆ తర్వాతి పది నిమిషాల్లో కనబడింది. టికెట్ కౌంటర్ లేదు, ధర చూసి ఆలోచించడం లేదు, ‘ఎక్కాక మబ్బు కమ్మితే డబ్బు పోతుందేమో’ అన్న టెన్షన్ లేదు. రిగికి పళ్లచక్రం రైలు (పట్టాల మధ్య ఉన్న పళ్లపట్టీని పట్టుకుని కొండెక్కేది) పాస్‌లోనే వస్తుంది. ప్లేటులో ఉన్నది తిని, బూట్లు వేసుకుని స్టేషన్‌కి నడిచి, ఆర్త్-గోల్డౌ వెళ్లే బండి ఎక్కాం. అక్కడ దిగితే స్టేషన్లోనే రిగి బండి. అప్పటికీ చుట్టూ పొగమంచే. బండి ఏటవాలుగా ఎక్కుతుంటే దేవదారు చెట్ల కొమ్మల మీద మంచు తప్ప ఏమీ కనిపించలేదు. మావాడు అప్పటికే ఫోన్లో గేమ్ మొదలెట్టాడు. కొంత దూరం పోయాక కిటికీలో తెలుపు కాస్త పసుపు తిరిగింది. తర్వాత చెట్ల నీడలు మంచు మీద కనిపించాయి. నీడ పడిందంటే పైన సూర్యుడున్నట్టేగా అని మా ఆవిడ అనేలోపే బండి బయటపడిపోయింది. కళ్లు చిట్లించుకుని అందరం చలువ కళ్లద్దాల కోసం బ్యాగుల్లో వెతుక్కున్నాం.

పైన స్టేషన్ 1,752 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అసలు శిఖరం ఇంకో నలభై మీటర్లకు పైన. అక్కణ్ణుంచి చుట్టూ సరస్సులు కనిపిస్తాయని అందరూ రాస్తారు. మాకు ఒక్క సరస్సూ కనిపించలేదు. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు పొగమంచు కింద పల్లమంతా పరుచుకుని ఉంది, దక్షిణంగా ఆల్ప్స్ శిఖరాలు ఒకదాని వెనక ఒకటి దాంట్లోంచి పైకి లేచి ఉన్నాయి. లూసెర్న్ దగ్గరి పిలాటుస్ కొండను నిన్నంతా పక్కనే పెట్టుకుని చూడలేకపోయాం. అది అల్లంత దూరంలో నల్లగా నిలబడి ఉంది. విచిత్రం ఏమిటంటే ఊళ్లో కంటే పైనే వెచ్చగా ఉంది. జాకెట్ విప్పి నడుముకు కట్టుకున్నాను.

కిందికి కొంత దూరం నడిచే వచ్చాం. చలికాలపు నడకదారులకు అక్కడ గులాబీ రంగు కర్రలు పాతి ఉంటాయి, మంచును మిషన్‌తో చదును చేసి ఉంచుతారు. బూట్లకు తగిలించుకునే మేకుల పట్టీలు ఉంటే జారదు. శిఖరం నుంచి స్టాఫెల్ మీదుగా కాల్ట్‌బాడ్ దాకా దిగే దారి అది. మధ్యలో మావాడు అలిసిపోతే ఎక్కడ స్టేషన్ కనబడితే అక్కడ బండెక్కేయొచ్చన్న ధైర్యం కూడా పాస్‌దే. చివరికి వాడు స్లెడ్జ్‌ల వాళ్లను చూస్తూ ఉండిపోయాడు గానీ అలిసిపోయానని ఒక్కసారీ అనలేదు. కాల్ట్‌బాడ్ నుంచి అవతలి వైపు విట్జ్‌నౌకు రైలు. 1871లో మొదలైన ఆ లైను యూరప్‌లో మొట్టమొదటి పళ్లచక్రం కొండ రైలు. కింద మళ్లీ పొగమంచులోకి. బోటు ఎక్కి లూసెర్న్ చేరేసరికి అరికాళ్ల నుంచి చలి. అదే రోజు, అదే ఊరు, పైన ఎండలో ఉన్నామంటే ఎవరూ నమ్మరు.

ఇక ఆ మర్నాటి సంగతి. వీసా ఫైలు చేసిపెట్టిన ఏజెంటు “సీజన్ సార్, తర్వాత దొరకవు” అంటూ ఒక పెద్ద శిఖరానికి తారీఖు వేసిన టికెట్లు ప్యాకేజీలో కలిపేశాడు. షెంగెన్ వీసాకు హోటల్ బుకింగులు, ప్రయాణం వివరాలు, ఇన్సూరెన్స్ అడుగుతారు గానీ కొండ టికెట్ ఎవరూ అడగరు. సరే, ఆ తారీఖు వచ్చింది. పొద్దున లేస్తే లూసెర్న్‌లో ఒక్క మబ్బు లేదు, కొండలన్నీ కడిగినట్టు దగ్గరగా కనిపిస్తున్నాయి. మావాడు ఎగిరాడు. తీరా అక్కడికి వెళ్తే పై కేబుల్ కారు నడవడం లేదు. గాలి. దక్షిణం నుంచి ఆల్ప్స్ దాటి దిగే ‘ఫోన్’ అనే వెచ్చటి గాలి అది. కింద పొగమంచును ఊడ్చేసి ఆకాశాన్ని శుభ్రం చేసేదీ అదే, పైన శిఖరాల దగ్గర తుపానులా వీచి కేబుల్ కార్లను ఆపేసేదీ అదే. ఊళ్లో మబ్బుంటే పైన ఎండ, ఊళ్లో ఎండ ఉంటే పైన మూత! మధ్య స్టేషన్ దాకా వెళ్లి, సూపు తాగి, తిరిగొచ్చాం. డబ్బు వెనక్కి అడిగితే టికెట్లు అమ్మినవాళ్ల జవాబు: “మధ్య స్టేషన్ దాకా సర్వీసు నడిచింది కదా సార్, రూల్స్ ప్రకారం రాదు.” ముగ్గురి టికెట్లు. ఆ మెయిల్ ఇప్పటికీ నా ఇన్‌బాక్స్‌లో ఉంది. తీసేయబుద్ధి కాదు.

ఈ అనుభవం తర్వాత చాలామందికి పాస్ కొనమని చెప్పాను. ఇప్పుడు చెప్పేటప్పుడు కాస్త నెమ్మదిగా చెబుతున్నాను. మూడు కొండలు పూర్తిగా ఉచితం అంటారు: రిగి, స్టోస్, స్టాన్సర్‌హార్న్. వీటిలో స్టాన్సర్‌హార్న్ చలికాలమంతా మూసే ఉంటుంది. పిలాటుస్‌కు పాస్‌తో సగం ధర, అదీ క్రీన్స్ వైపు కేబుల్ కారులోనే, ఎందుకంటే పేరుమోసిన ఆ ఏటవాలు రైలు చలికాలంలో నడవదు. బోట్లు నడుస్తాయి గానీ ఎండాకాలంతో పోలిస్తే బాగా తక్కువ. ఒకటి తప్పిందంటే ఒడ్డున నిలబడాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం పగలు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటితే చీకటి పడుతుంది. వరసగా మూడు రోజుల పాస్‌కు నేను కొన్నప్పుడు రెండో తరగతిలో 244 ఫ్రాంకులు. ఆ డబ్బుకు తగినంత తిరగడానికి పగలు చాలదు. ఫ్లెక్స్ పాస్ అయితే నెలలో మనకు నచ్చిన రోజులు వాడుకోవచ్చు, కానీ ధర ఎక్కువ.

ఊళ్లో బస్సుల లెక్క కూడా చూసుకోవాలి. లూసెర్న్‌లో హోటల్లో దిగినవాళ్లకు విజిటర్ కార్డు ఇస్తారు, ఊళ్లో బస్సులు దాంతోనే ఉచితం. పాస్‌లో సిటీ బస్సులు కలిసొస్తాయని మురిసిపోయేవాణ్ని, ఆ ముక్క ఇక నేను లెక్కలో వేసుకోవడం లేదు. మ్యూజియాలు మాత్రం నిజంగా కలిసొస్తాయి. పైనా కిందా రెండు చోట్లా మబ్బుగా ఉన్న రోజున జ్యూరిక్ స్టేషన్ పక్కనే ఉన్న నేషనల్ మ్యూజియంలో అర పూట హాయిగా గడిచిపోతుంది.

రైల్లో వెళ్లగలిగే ఎత్తైన మంచు కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ కోసమే వెళ్లేవాళ్లు ఒకటికి రెండుసార్లు లెక్క వేసుకోవాలి. ఖరీదైన ట్రావెల్ పాస్‌తో కింద ఉన్న గ్రిండెల్‌వాల్డ్ ఊరి దాకా ఉచితం, ఆపైన తగ్గింపు 25 శాతమే. హాఫ్ ఫేర్ కార్డుతో పైదాకా సగం ధర. నేను కొన్నప్పుడు ఆ కార్డు నెలకు 120 ఫ్రాంకులు. కొనేముందు ఇప్పటి ధర చూసుకోండి. పొద్దున్నే కొండను ఎంచుకునే స్వేచ్ఛ దీంతోనూ ఉంది, కాకపోతే ఎక్కేముందు స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్‌లో టికెట్ కొనాలి, ధర కళ్ల ముందు కనబడుతుంది. అది చూడగానే ‘ఈ మబ్బులో వద్దులే’ అని వెనక్కి తగ్గే మనిషిని నేను. పాస్ ఉంటే ఆ లెక్కలు మనసులోకి రావు. ఎక్కువ ఖర్చు పెట్టేది దానికేనేమో.

రిగి మరీ ఎత్తైన కొండ కాదు కాబట్టి వెబ్‌క్యామ్ ప్రతిసారీ కనికరించదు. బీజ్ గట్టిగా వీచిన రోజున కాల్ట్‌బాడ్ కూడా మబ్బులోనే ఉండటం చూశాను. జ్యూరిక్‌లోనే ఉండి ఊరి రైల్లో ఎక్కే ఉట్లీబెర్గ్ అయితే 871 మీటర్లే, అక్కడ ఎండ దొరకడం అదృష్టం. స్విస్ వాతావరణ శాఖ యాప్‌లో పొగమంచు పైఅంచు ఎంత ఎత్తులో ఉందో కూడా చెబుతారు. వెబ్‌క్యామ్‌తో పాటు అదీ చూస్తే చాలావరకు మోసపోం.

వచ్చే చలికాలం మా అత్తగారూ మామగారూ వస్తామంటున్నారు. వాళ్లిద్దరికీ పాసే తీస్తాను. ఎక్కడ అలసట వస్తే అక్కడ దిగొచ్చు, టికెట్ల గొడవ ఉండదు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోమని చెప్పాలి, చెకింగ్‌లో అడుగుతారు. మావాడికి ఇంకా పదహారు నిండలేదు, అమ్మానాన్నల పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు ఉచితంగా వస్తుంది. మేమిద్దరం ఈసారి ఒక్క ఊళ్లోనే ఉంటాం కాబట్టి హాఫ్ ఫేర్ చాలనుకుంటున్నాను. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఆవిడకు పాస్ అంటే రిగి.