న్యూజెర్సీ గన్ క్యారీ పర్మిట్: క్లాసుకు నాలుగు స్టార్లు, కౌంటర్‌కు ఒకటి

రాత్రి పదకొండింటికి కొట్టు కట్టేసి, ఆ రోజు కలెక్షన్ సంచిలో పెట్టుకుని ఒంటరిగా కారు దాకా నడవడం నా పని. పక్క షాపులో దోపిడీ జరిగాక మా ఆవిడే అంది, "ఆ పర్మిట్ ఏదో చూడండి" అని. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అడగగలిగాను. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సులాంటి మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం తుపాకీ ముట్టుకోనివ్వదు.

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చేదాకా ఇక్కడ న్యూజెర్సీలో మామూలు మనుషులకు, తుపాకీ వెంట పెట్టుకుని తిరగనిచ్చే ఈ పర్మిట్ దాదాపు దొరికేది కాదు. ఇప్పుడు ఫీజు 200 డాలర్లు, గడువు రెండేళ్లు.

ముందు, పర్మిట్‌కు తప్పనిసరైన తుపాకీ ట్రైనింగ్ క్లాసు సంగతి. 50 తూటాల్లో 40 లక్ష్యానికి తగలాలి, నాకు 43 తగిలాయి. ట్రైనర్ రిటైరైన పోలీసాయన, అరవడాలూ గొప్పలూ లేవు. అప్లికేషన్‌లోని ఒక్క ప్రశ్న మీదే అరగంట మాట్లాడారు. మానసిక సమస్యకు ఎప్పుడైనా, ఏ డాక్టరుకైనా చూపించుకున్నారా అన్నది ఆ ప్రశ్న. ఆస్పత్రిలో చేరకపోయినా, ఊరికే వెళ్లి వచ్చినా లెక్కే. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం ఇంత దూరం పోదు, మానసికంగా సరిగా లేరని కోర్టులాంటి అధికార సంస్థ తేల్చిందా, బలవంతంగా ఆస్పత్రిలో పెట్టారా అని అడిగి ఊరుకుంటుంది. "దాచొద్దు. నిజం రాస్తే మహా అయితే ఆలస్యమవుతుంది, అబద్ధం రాస్తే కేసవుతుంది" అన్నారాయన. నాలుగు స్టార్లు అందుకే. కుర్చీలు బాగుంటే ఐదిచ్చేవాణ్ణి.

నాకు ఆ ప్రశ్న గుచ్చుకుంది. 2020 ఏప్రిల్‌లో, విమానాలన్నీ ఆగిపోయిన రోజుల్లో, ఏలూరులో నాన్న పోయారు. కర్మకాండ అంతా ఫోన్‌లో చూశాను. తర్వాత రెండు నెలలు నిద్ర లేదు. ఒక సైకియాట్రిస్టు దగ్గరికి ఆరుసార్లు వెళ్లాను, కొన్నాళ్లు మాత్రలు వాడాను. ఇది మా ఆవిడకు తప్ప మా అమ్మక్కూడా తెలియదు.

'అవును' అని రాశాను. మెంటల్ హెల్త్ రికార్డులు వెతకడానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాను. తుపాకీ కొనేటప్పుడు ఒకసారి, వెంట పెట్టుకోవడానికి ఇంకోసారి. పెట్టకపోతే అప్లికేషన్ కదలదు. ఇష్టపడి పెట్టిన సంతకమని దాన్ని ఎలా అనాలో నాకు తెలియలేదు.

మనవాళ్లు 'నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు' అంటారు కదా, న్యూజెర్సీ ఆ నలుగురినీ లెక్కపెట్టి మరీ, మన గురించి చెప్పడానికి వాళ్ల పేర్లు ఇమ్మంటుంది. చుట్టాలు కాకూడదు, కనీసం మూడేళ్లుగా మనల్ని ఎరిగినవాళ్లై ఉండాలి. నేనిచ్చిన నాలుగు పేర్లలో ఉన్న ఫ్రెండు ఒకడు ఫోన్ చేసి, "ఒరేయ్, నీకేదైనా మెంటల్ ప్రాబ్లం ఉందా అని అడుగుతున్నారు, ఏంట్రా సంగతి?" అన్నాడు. ఆ ఆదివారమే గుడిలో వాళ్లావిడ మా ఆవిడను పక్కకు పిలిచి, "వదినా, అన్నయ్యగారు కులాసానే కదా" అని ఆరా తీసింది.

ఇక కౌంటర్. మా ఊరి పోలీసు స్టేషన్‌లో డాక్టర్ ఉత్తరం తెమ్మన్నారు, పట్టుకెళ్లాను. రెండే వాక్యాలు: నా వల్ల నాకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం లేదని. అద్దం వెనకున్న ఆఫీసరు దాన్ని పైకి చదివి, ఏ మాత్రలు, ఎన్నాళ్లు, ఎందుకు అని మైకులో అడిగాడు. నా వెనక ఐదుగురున్నారు, వాళ్లలో ఒకావిడ మా షాపుకొచ్చే మనిషే. "మా నాన్న పోయారు" అని ఆ అద్దంలోకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. లోపల ఖాళీ గది కనిపిస్తూనే ఉంది.

అసలు అడగొద్దని నేననను. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపినవాడికి అంతకుముందే కోర్టు చికిత్స తీసుకోమని ఆదేశించింది, ఆ విషయం తుపాకులమ్మే చోట కొనేవాళ్ల మీద చేసే తనిఖీలోకి చేరలేదు. అలాంటిది తెలియాల్సిందే. కానీ కోర్టు ఆదేశమూ, తండ్రి పోయి నిద్ర పట్టకపోవడమూ ఒకే గళ్లో ఎలా పడతాయి? క్లాసులో నా పక్కన కూర్చున్న కుర్రాడు మెల్లగా చెప్పాడు, "నేను కౌన్సెలింగ్‌కి వెళ్దామనుకున్నా అంకుల్, ఈ ఫారం చూసి మానేశా" అని.

అప్లై చేసేవాళ్లు ఆ నలుగురికీ ముందే మీరే చెప్పేసుకోండి. డాక్టర్ ఉత్తరం కవర్లో సీల్ చేయించి తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర "లోపల మాట్లాడదామా" అని అడగండి. నాకు అప్పుడు నోరు రాలేదు.

పర్మిట్ 104వ రోజున వచ్చింది. రెండేళ్లకు రెన్యువల్, మళ్లీ నాలుగు పేర్లు ఇవ్వాలి. మూడు ఖాయం, నాలుగోది మార్చాలి.