గ్రహాల మధ్య సందేశాల ఆట: కొన్నేళ్లు స్క్రాచ్ వాడాక నా అభిప్రాయం

అంగారకుడి మీద రోవర్‌కి "ఆగు" అని చెబితే, ఆ మాట చేరడానికి రెండు గ్రహాలు దగ్గరగా ఉన్నప్పుడు మూడు నిమిషాలు, బాగా దూరంగా ఉన్నప్పుడు ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. పిల్లలకి ఈ అంకెలు చెబితే నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో మార్కులూ తెచ్చుకుంటారు. కానీ ఆ ఆలస్యం ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలంటే ఆడి చూడాల్సిందే. అందుకే సైన్స్ క్లబ్ పిల్లలతో కలిసి, పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే స్క్రాచ్‌లో ఒక ఆట తయారుచేశాం. కొన్నేళ్లుగా ప్రతి కొత్త బ్యాచ్‌తో దాన్ని మారుస్తూ వస్తున్నాను. ఇలాంటి ఆట చేయాలనుకునే టీచర్లకి స్క్రాచ్ ఎంతవరకు పనికొస్తుందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

స్క్రాచ్ అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో పుట్టింది, 2007లో విడుదలైంది. పూర్తిగా ఉచితం. నేను వాడేది 2019లో వచ్చిన 3.0. రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రాం అవుతుంది. ఆరో తరగతి పిల్లలు మొదటి రోజే బొమ్మని నడిపించేస్తారు.

మా ఆటలో అసలు ఒక నిమిషం తెర మీద ఒక సెకను. భూమి మీద కూర్చున్నవాళ్లు రోవర్‌ని గుంటల్లో పడకుండా నడపాలి. వాళ్లకి కనిపించేది మాత్రం రోవర్ ఇప్పుడున్న చోటు కాదు, కొన్ని సెకన్ల కిందట ఉన్న చోటు. ఇది స్క్రాచ్‌లో చాలా సులువు. రోవర్ స్థానాలని ఒక లిస్ట్‌లో వరసగా దాచుకుంటూ, భూమి వైపు పాత అంశాన్ని చూపిస్తే చాలు. పిల్లలు గుంట అంచున రోవర్‌ని చూసి "ఆగు" నొక్కేసరికి అది ఎప్పుడో పడిపోయి ఉంటుంది. ఆ క్షణంలో వాళ్ల మొహాలు చూడాలి! ఇరవై నిమిషాల పాఠం చేయలేని పని అది.

అసలు చిక్కంతా బ్రాడ్‌కాస్ట్ బ్లాక్‌తో. ఒక స్ప్రైట్ (తెర మీద కదిలే బొమ్మ) నుంచి ఇంకోదానికి కబురు పంపడానికి స్క్రాచ్‌లో అందరూ వాడేది అదే. అది పంపిన వెంటనే అందరికీ చేరిపోతుంది, మన ఆటకి కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం. అందుకున్న చోట కాసేపు ఆగమనే వెయిట్ బ్లాక్ పెడితే సరిపోతుంది అనిపిస్తుంది, కానీ సరిపోదు. మొదటి సందేశం దారిలో ఉండగానే అదే రెండోసారి పంపితే అప్పటికే నడుస్తున్న స్క్రిప్టు (బ్లాకుల వరస) మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. అంటే మొదటి సందేశం గల్లంతే. నిజమైన అంతరిక్షంలో అలా జరగదు. ఎన్ని సంకేతాలు పంపినా ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉంటాయి.

దీనికి నాకు బాగా నచ్చిన దారి క్లోన్లు, అంటే ఆట నడుస్తుండగా పుట్టే స్ప్రైట్ నకళ్లు. ప్రతి సందేశమూ ఒక క్లోన్. అందులో ఏముందో "ఈ స్ప్రైట్‌కి మాత్రమే" అని పెట్టిన వేరియబుల్‌లో (విలువని దాచుకునే పెట్టెలో) ఉంటుంది. గ్లైడ్ బ్లాక్‌తో అది భూమి నుంచి అంగారకుడికి ప్రయాణిస్తుంది, చేరాక పని చేసి మాయమవుతుంది. ఒక ప్రాజెక్టులో 300 క్లోన్ల వరకే కుదురుతుంది గానీ మనకి అంత అవసరం రాదు. దీనివల్ల సందేశం దారిలో ఉండటం కంటికి కనిపిస్తుంది. సూర్యుడి బొమ్మకి తగిలితే క్లోన్‌ని తీసేయమని రెండు బ్లాకులు పెట్టాం. సుమారు 26 నెలలకోసారి అంగారకుడు సూర్యుడి వెనక్కి వెళ్లినప్పుడు నాసా రెండు వారాలపాటు ఆదేశాలు ఎందుకు ఆపేస్తుందో అప్పుడు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

స్క్రాచ్ తెర కొలత అడ్డం 480, నిలువు 360 చుక్కలు మాత్రమే. నెప్ట్యూన్ దాకా కొలత ప్రకారం పెడితే భూమి సూర్యుడికి అతుక్కుపోతుంది. అంగారకుడి దగ్గర ఆగిపోండి. గురుడికి వేరే లెవెల్ పెట్టుకోవచ్చు.

రెండు కంప్యూటర్ల మధ్య ఆడాలంటే క్లౌడ్ వేరియబుల్స్ ఉన్నాయి, అంటే విలువ నెట్‌లో ఉండి రెండు వైపులా కనిపించేవి. వాటికి ఇంటర్నెట్, కొంతకాలం వాడిన స్క్రాచ్ ఖాతా కావాలి. వాటిలో అంకెలు తప్ప అక్షరాలు దాచలేం. ఇది లోపమని చాలామంది అంటారు, నాకు మాత్రం వరంలా అనిపిస్తుంది. ముందుకు 11, ఎడమకు 12 అంటూ పిల్లలే కోడ్ పట్టిక రాసుకున్నారు. దారిలో ఒక అంకె చెడిపోయేలా చేస్తే, ఒకే ఆదేశాన్ని మూడుసార్లు పంపి ఎక్కువసార్లు వచ్చినదాన్ని నమ్మాలని వాళ్లే కనిపెట్టారు.

అందరికీ ఇష్టమైన లెవెల్ మంగళయాన్, అంగారకుడి దగ్గరికి ఇస్రో పంపిన వ్యోమనౌక. 2014 సెప్టెంబర్ 24న అది కక్ష్యలోకి చేరేటప్పుడు సంకేతం రావడానికి పన్నెండు నిమిషాలకు పైగా పట్టేది. పైగా ఇంజిన్ మండుతుండగానే వ్యోమనౌక కాసేపు గ్రహం వెనక్కి వెళ్లింది. అందుకే ఆదేశాలన్నీ ముందే ఎక్కించి ఉంచారు. మా లెవెల్‌లోనూ అంతే: వరస మొత్తం ముందే రాయాలి, పంపాక ముట్టుకోకూడదు. భూమి వైపు బొమ్మగా బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల యాంటెన్నా పెట్టాం. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అని చెబితే పిల్లలకి ఎంత ఉత్సాహమో!

ఎదురుచూపు మరీ ఎక్కువైతే చిన్నపిల్లలు విసుగుపడి బటన్లన్నీ నొక్కేస్తారు. ఆ ఇరవై సెకన్లలో చేతికి పని ఇవ్వాలి. రోవర్ ఇప్పుడు ఎక్కడుంటుందో ఊహించి గుర్తు పెట్టమని అడిగితే కుదురుగా ఉంటారు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి ఈ ఆట ఇవ్వను. తొమ్మిది దాటితే నిశ్చింతగా ఇవ్వొచ్చు.

కంప్యూటర్‌లో పెట్టుకునే స్క్రాచ్ యాప్‌కి విండోస్ 10 అయినా ఉండాలి. ఒకసారి ఎక్కించాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది, క్లౌడ్ వేరియబుల్స్ తప్ప. పూర్తయిన ఆటని ఫోన్ బ్రౌజర్‌లో ఆడిస్తారంటే మాత్రం కీబోర్డ్ మీటలు వద్దు, తెర మీద నొక్కే బటన్లే పెట్టండి.