ఎస్‌ఆర్‌ఎం ల్యాబ్ కిట్: మోటారు భేష్, పేచీ అంతా కంట్రోలర్ పెట్టెతోనే

2025 ఏప్రిల్‌లో చైనా మోటారు అయస్కాంతాల్లో వాడే రేర్ ఎర్త్ లోహాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టిన దగ్గర్నుంచి మా ఈఈఈ ఫైనలియర్ పిల్లలకి అయస్కాంతం లేని మోటార్ల మీద మోజు పెరిగింది. డ్రైవ్స్ ల్యాబ్ చూసేది నేనే కాబట్టి అలాంటిదే ఒక స్విచ్డ్ రిలక్టెన్స్ మోటార్ (ఎస్‌ఆర్‌ఎం) కిట్ తెప్పించాను. కంపెనీ పేరు ఇక్కడ వద్దు. కొనబోయే కాలేజీలకి పనికొచ్చే సంగతులు మాత్రం చెబుతాను.

మోటారు నాలుగు ఫేజులది, 8/6 పోల్స్, అంటే కదలని స్టేటర్‌కి ఎనిమిది, తిరిగే రోటర్‌కి ఆరు. కరెంటు ఇచ్చిన స్టేటర్ పోల్ దగ్గర్లోని రోటర్ పోల్‌ని తనవైపు లాగడంతోనే ఇది తిరుగుతుంది. రోటర్ ఉత్త ఉక్కు రేకుల దొంతర, దాని మీద వైండింగ్ కూడా ఉండదు. అన్నిటికంటే నాకు నచ్చింది రోటర్‌ని కదలకుండా పట్టే క్లాంపు, డిగ్రీలు చెక్కిన చక్రం. ఈ మోటారుకి మోడల్ కట్టాలంటే కరెంటుతో, రోటర్ కోణంతో ఫ్లక్స్ లింకేజ్ (వైండింగ్‌ చుట్లతో ముడిపడే అయస్కాంత ఫ్లక్స్) ఎలా మారుతుందో కొలవాలి. రోటర్‌ని ఒక కోణంలో బిగించి, ఒక ఫేజుకి డీసీ పల్స్ ఇచ్చి, వోల్టేజీ, కరెంటు డీఎస్‌ఓలో (డిజిటల్ ఆసిలోస్కోప్) పట్టుకుంటాం. వోల్టేజీలోంచి ఐఆర్ డ్రాప్ (వైండింగ్ నిరోధం తినేసే వోల్టేజీ) తీసేసి ఇంటిగ్రేట్ చేస్తే లెక్క తేలిపోతుంది. రోటర్ పోల్ పిచ్, అంటే పక్కపక్క పోల్స్ మధ్య కోణం, 60 డిగ్రీలే, అందులో ఒక సగం రెండో సగానికి అద్దం. కాబట్టి 30 డిగ్రీల దాకా కొలిస్తే చాలు. స్టేటర్, రోటర్ పోల్స్ ఎడంగా ఉన్నప్పుడు కరెంటు-ఫ్లక్స్ గ్రాఫు గీత తిన్నగా సాగుతుంది. ఎదురెదురుగా వస్తే నిట్టనిలువుగా లేచి, ఉక్కు ఇంక ఎక్కువ ఫ్లక్స్ పట్టలేని శాచురేషన్ దగ్గర వంగిపోతుంది. తమ రీడింగుల్లోనే ఆ వంపు కనబడేసరికి ఒక అమ్మాయి "మేడమ్, నిజంగానే వంగింది!" అని అరిచేసింది.

ఫేజులకి కరెంటు ఇచ్చే కన్వర్టర్‌కీ వంక పెట్టను. ఫేజుకి రెండు స్విచ్‌లు, రెండు డయోడ్‌లతో అసిమెట్రిక్ బ్రిడ్జి, శుభ్రంగా కట్టారు.

కంట్రోలర్ పెట్టె దగ్గరే ఒళ్లు మండింది. బయట స్పీడ్ నాబ్ ఒక్కటే! ఫేజుని రోటర్ ఏ కోణంలో ఉండగా ఆన్, ఆఫ్ చేయాలో చెప్పే టర్న్-ఆన్, టర్న్-ఆఫ్ కోణాలు లోపల ఫిక్స్ చేసి పారేశారు. ఈ మోటారు కిటుకంతా ఆ రెండు కోణాల్లోనే కదా ఉంది. స్పీడ్ పెరిగేకొద్దీ బ్యాక్ ఈఎమ్ఎఫ్ (తిరగడం వల్ల పుట్టే ఎదురు వోల్టేజీ) అడ్డుపడి కరెంటు ఎక్కడానికి టైము చాలదు, ఫేజుని ముందే ఆన్ చేయాలి. ఆఫ్ చేయడం ఆలస్యమైతే, పోల్స్ దాటిపోయాక కూడా మిగిలిన కరెంటు రోటర్‌ని వెనక్కి గుంజుతుంది. ఇవేవీ మార్చి చూడలేని పిల్లలు నేర్చుకునేది నాబ్ తిప్పడమే. సర్వీస్ వాళ్లని అడిగితే "అది వేరే మాడ్యూల్ మేడమ్, కొటేషన్ పంపిస్తాం" అన్నారు.

స్విచ్‌లని ఆన్, ఆఫ్ చేసే గేట్ ఇన్‌పుట్లు, రోటర్ కోణం చెప్పే ఎన్‌కోడర్ తీగలు పెట్టె వెనక కనెక్టర్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. మా దగ్గరున్న డీఎస్‌పీ (సిగ్నల్ ప్రాసెసర్) బోర్డు తగిలించి, కరెంటుని రెండు హద్దుల మధ్య నిలిపే హిస్టెరిసిస్ కరెంట్ కంట్రోల్ ప్రోగ్రాం మేమే రాసుకున్నాం. ఆఫ్ కోణం రెండు మూడు డిగ్రీలు జరిపితే మోత మారడం చెవికే తెలుస్తోంది. అన్నట్టు, కేటలాగ్‌లో "నిశ్శబ్దంగా నడుస్తుంది" అని రాశారు. స్టేటర్‌ని లోపలికి లాగే రేడియల్ బలానికి అది తెలియదు పాపం, పక్క గదిలో క్లాసు చెప్పలేకపోతున్నారు.

మోటారుకి, కన్వర్టర్‌కి నాలుగు స్టార్లు. పెట్టెకి ఒకటి, అదీ వెనక ఉన్న కనెక్టర్ పుణ్యాన. పీఓ (కొనుగోలు ఆర్డరు) ఇచ్చేముందు ఆ కనెక్టర్ పిన్ వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి, కంట్రోలర్ లేకుండా ధరెంతో విడిగా కోట్ చేయమనండి.