అరకుకు రైల్లో ఎక్కి, రోడ్డు మీద దిగండి

విశాఖ నుంచి అరకుకు ఒక్కరోజు ప్యాకేజీలు బోలెడు దొరుకుతాయి. డబ్బు కలిసొచ్చే మాట నిజమే కానీ, రోజులో సగం సీట్లోనే గడిచిపోతుంది. పైగా ఆ బస్సులూ కార్లూ అన్నీ మిట్టమధ్యాహ్నం ఒక్కసారే బొర్రా గుహల దగ్గర వచ్చి పడతాయి. ఒక రాత్రి అరకులో ఉండగలిగితే వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు మేలు.

తెల్లవారాక విశాఖలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాలి. అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు కిటికీ వైపు తిప్పుకోవచ్చు. సీజన్‌లో ఆ టికెట్లు ముందే అయిపోతాయి. అవి దొరకలేదని బెంగక్కర్లేదు, మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుని గాలి తగలడమే హాయి. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా చూడదగ్గది పెద్దగా ఏమీ లేదు, ఓ కునుకు తీయొచ్చు. అక్కణ్ణించి ఘాట్ మొదలు. సొరంగం రాగానే పెట్టె చీకటైపోతుంది, పిల్లల కేకలు మొదలవుతాయి, బయటికి రాగానే పక్కనే లోయ. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. తిరుగు ప్రయాణానికి మాత్రం రైలును నమ్ముకుని రాత్రి వేరే బండికి రిజర్వేషన్ పెట్టుకోవద్దు. ఈ లైను వేసిందే బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం, గూడ్సులకు దారి ఇస్తూ బండి ఆగిపోతుంటుంది. వానల్లో కొండచరియలు పడితే అసలు రద్దే.

బసకు పర్యాటక శాఖ వారి హరిత మయూరి ఊళ్లోనే ఉంది, గిరిజన మ్యూజియం దగ్గరే. నడిచి తిరగాలనుకునే వాళ్లకు అదే సుఖం. మాడగడ వైపు గుడారాలు మంచు తెరలు చూడ్డానికి బాగుంటాయి గానీ, డిసెంబరు, జనవరి చలిలో చిన్నపిల్లలతో వద్దు. ఎక్కడ దిగినా వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో గది తీసుకునే ముందే అడగాలి. వలిసె పూల పసుపు చూడాలంటే వానాకాలం వెళ్లాక, చలి ముదరకముందు రావాలి.

బొంగులో చికెన్ కొనేముందు బొంగు చూడండి. అది పచ్చి వెదురై ఉండాలి. మసాలా పట్టించిన మాంసం నూనె లేకుండా లోపల కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది. ఎండు బొంగైతే త్వరగా మాడిపోయి, ముక్క పచ్చిగానే మిగులుతుంది. మీ కళ్లెదుట కూరిందే అడగండి, అరగంటకు పైనే పట్టినా సరే.

మర్నాడు ఎనిమిదిన్నరకల్లా కారెక్కితే సుంకరమెట్ట కాఫీ తోట, గాలికొండ వ్యూపాయింట్ చూసుకుంటూ, పదింటికి బొర్రా తెరిచే వేళకు చేరొచ్చు. లోపల మెట్లు చాలా ఎక్కి దిగాలి, చుక్కలు పడి నేల జారుతుంది, చెప్పులు పట్టు ఉన్నవి వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొదటి పెద్ద గదిదాకా వెళ్లి ఆగినా నష్టం లేదు, రంగు దీపాల్లో సున్నపురాయి ఆకారాలు అక్కడే బాగా కనిపిస్తాయి. గేటు దగ్గర కోతులుంటాయి, చేతిలో తినుబండారాలు వద్దు.

అనంతగిరి మలుపుల్లో కడుపులో తిప్పే వాళ్లు ముందు సీట్లో కూర్చోవాలి, ఇడ్లీకి మించి తినొద్దు. చీకటి పడకముందే ఘాట్ దిగాలి, పొగమంచులో ఎదుటి బండి కనబడదు. దారిలో అరకు కాఫీ పొడి కొనేవాళ్లు ప్యాకెట్ వెనక చికోరీ శాతం చదివి మరీ తీసుకోండి.